దారికి కంప వేయడం వస్తే సగం పని వచ్చినట్టే: మొహావీ ఎడారిలో ఇంటర్న్‌గా చేరేవాళ్ళకు

ఎడారిలో ఇంటర్న్‌షిప్ చేశానని చెప్పినప్పటి నుంచి నన్ను అందరూ అడిగేవి మూడే ప్రశ్నలు. అక్కడ అసలు పని ఏముంటుంది, మమ్మల్ని తీసుకుంటారా, పాములుంటాయా. పాములుంటాయి. మిగతా రెండిటికీ ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసి రాసి విసుగొచ్చి, ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను.

నేను చేసింది కాలిఫోర్నియా వైపు మొహావీ ఎడారిలో, ఒక చలికాలం సీజన్. బీఎల్ఎం, అంటే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చూసుకునే సర్కారు భూమి అది. ఆ సంస్థ కింద అమెరికాలో దాదాపు 24.5 కోట్ల ఎకరాలున్నాయి, ఎక్కువ భాగం పడమటి రాష్ట్రాల్లోనే. అక్కడ బండ్లు తిరగడానికి అనుమతి ఉన్న దారులు వేరే ఉంటాయి. వాటి పక్కనుంచి ఎవడో ఒకడు జీపు పొదల మీదుగా తోలుకుపోతాడు. ఆ జాడ చూసి ఇదీ దారే కాబోలని ఇంకో పదిమంది పోతారు. ఆ దొంగదారులను మూసేసి నేలను మళ్ళీ నేలలా చేయడమే మా పనిలో పెద్ద భాగం. మొక్కలు నాటడం, విత్తనాలు సేకరించడం ఆ తర్వాతే.

జాడ దానంతటది పోదా అంటే, పోదు. అమెరికా సైన్యాధికారి జనరల్ పాటన్ మొదలుపెట్టిన సైనిక శిక్షణ కేంద్రంలో 1942-44 మధ్య తిరిగిన ట్యాంకుల జాడలు కొన్నిచోట్ల ఇవాళ్టికీ కనిపిస్తాయి. కరువు జిల్లా అని మనం చెప్పుకునే అనంతపురంలో ఏడాదికి 550 మి.మీ. అటూ ఇటూగా వాన పడుతుంది. మొహావీలో చాలాచోట్ల 150 మి.మీ. కూడా పడదు.

దరఖాస్తుకు ముందు

ముందు అర్హత చూసుకోండి, లేకపోతే వారాలు వృథా అవుతాయి. అమెరికార్ప్స్ అనే ప్రభుత్వ సేవా సంస్థ డబ్బుతో నడిచే పోస్టులకు పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్ళు ప్రకటనలో అర్హత లైను మొదట చదవండి. అందులో స్పష్టంగా లేకపోతే ఆ సంస్థకు ఒక ఈమెయిల్ పెట్టండి, మీ కాలేజీలో వీసా విషయాలు చూసే అధికారి డీఎస్ఓతో మాట్లాడండి. విద్యార్థి వీసా మీద పనిచేయడానికి ఇచ్చే అనుమతులు సీపీటీ అయినా ఓపీటీ అయినా పని మీ చదువుకు సంబంధించినదై ఉండాలి కాబట్టి బాటనీ, ఎకాలజీ, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల చదువు) వాళ్ళకు చెప్పుకోవడానికి వీలుంటుంది. కంప్యూటర్ సైన్స్ వాళ్ళు ఈ దారిలో టైమ్ పెట్టొద్దు. వారాంతాల్లో వలంటీర్ పని ఉంటుంది, దానికి రండి. వీసా మీద ఉంటే దానికీ డీఎస్ఓను ఒక మాట అడగండి.

ఎక్కడ వెతకాలంటే: స్టూడెంట్ కన్సర్వేషన్ అసోసియేషన్, గ్రేట్ బేసిన్ ఇన్‌స్టిట్యూట్, అమెరికన్ కన్సర్వేషన్ ఎక్స్‌పీరియన్స్. మొక్కలు, విత్తనాల వైపు ఇష్టముంటే షికాగో బొటానిక్ గార్డెన్ వాళ్ళ కార్యక్రమం చూడండి. దిగువ ఎడారిలో మా క్రూ (పనిబృందం) లాంటివి పనిచేసేది ఎక్కువగా శరదృతువు నుంచి వసంతం దాకా, కాబట్టి వేసవిలోనే దరఖాస్తు పెట్టాలి. పబ్లిక్ ల్యాండ్స్ కోర్ అనే, సర్కారు భూముల్లో యువత పనిచేసే కార్యక్రమం కిందికి వచ్చే పోస్టా అని కూడా అడగండి. 30 ఏళ్ళలోపు పౌరులు దాని కింద 640 గంటలు పూర్తిచేస్తే, రెండేళ్ళపాటు కొన్ని ఫెడరల్ ఉద్యోగాలకు బయటివాళ్ళతో పోటీ లేకుండా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

రెజ్యూమేలో మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. పైథాన్, ఎక్సెల్ అన్నీ రాస్తారు, సెలవుల్లో నాన్నతో వేరుశనగ చేలో పనిచేసింది మాత్రం రాయరు. పది గంటలు ఎండలో పార పట్టగలరా అన్నదే అక్కడ వాళ్ళకు కావాలి. రాయండి. డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే అదీ పైనే రాయండి.

వెంట ఉండాల్సినవి

- చీలమండ దాటే బూట్లు. కొత్తవి కాదు, కనీసం నెల రోజులు తొడిగి నడిచినవి.
- పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, తోలు చేతి తొడుగులు రెండు జతలు.
- రోజుకు కనీసం 4 లీటర్ల నీళ్ళు, వాటితో ఓఆర్ఎస్ ప్యాకెట్లు. వట్టి నీళ్ళే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు తగ్గి తల తిరుగుతుంది, దాన్ని వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు తాగుతారు. అది ప్రమాదం.
- ఒక పెద్ద పళ్ళ దువ్వెన. జుట్టుకు కాదు. చోయా అనే, నాగజెముడు కుటుంబపు ముళ్ళమొక్క ముక్క బట్టకో చర్మానికో పట్టుకుంటే చేత్తో లాగొద్దు, చేతికి కూడా గుచ్చుకుంటుంది. దువ్వెన కిందికి దూర్చి ఒక్క ఊపులో అవతలికి విసరాలి.
- రాత్రి చలికి మంచి స్లీపింగ్ బ్యాగ్. ఎడారి కదా అని పల్చటిది తెచ్చినవాళ్ళు డిసెంబరులో రాత్రంతా కూర్చునే ఉంటారు.
- పార, గడ్డపార, పికాసు, రేక్ (చెత్త లాగే పళ్ళ పనిముట్టు), జీపీఎస్, ఉపగ్రహ సందేశ పరికరం క్రూ వాళ్ళే ఇస్తారు.

తిండి గురించి అడిగేవాళ్ళకు: ఎనిమిది రోజులు పని, ఆరు రోజులు సెలవు అనే లెక్క చాలా క్రూల్లో ఉంటుంది. ఆ ఎనిమిది రోజులూ గుడారాల్లోనే. మొదటి రెండు రోజులకు పులిహోర, ఆ తర్వాత గ్యాస్ స్టవ్ మీద అన్నం, సీసాలో గోంగూర. మూడో హిచ్‌కల్లా (ఆ ఎనిమిది రోజుల విడతను హిచ్ అంటారు) క్రూ అంతా నా సీసా మీద పడ్డారు, తర్వాత రెండు తీసుకెళ్ళాల్సి వచ్చింది.

దొంగదారి మూయడం, మెట్టు మెట్టుగా

1. ముందు అడుగు ఎక్కడ వేయాలో నేర్చుకోండి. పొదల మధ్య నేల మీద నల్లగా, పొక్కులుపొక్కులుగా ఒక పొర కనిపిస్తుంది. అది మురికి కాదు, సూక్ష్మజీవులు, నాచు కలిసి కట్టిన బయోక్రస్ట్. గాలికి మట్టి లేవకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క బూటు అడుగుకే పెళపెళ విరుగుతుంది, మళ్ళీ కట్టుకోవడానికి ఏళ్ళు పడుతుంది. వాగు ఇసుకలోనో, రాళ్ళ మీదో, లేదంటే మీరు మూయబోయే దారిలోనే నడవండి. మొదటిరోజు నేను ఫొటో కోసం అడ్డంగా నడిచిపోయాను. మా లీడర్ ఏమీ అనలేదు, నా వెనకాల పడ్డ అడుగుల వరసను వేలితో చూపించింది.

2. అనుమతి ఉందో లేదో చూడండి. తవ్వకం పెట్టే ప్రతిచోటికీ పురావస్తు పరిశీలన అయి ఉండాలి. పని మధ్యలో కుండపెంకు కనిపించినా, రాతి పనిముట్టు కనిపించినా, పాత తుప్పు డబ్బాల కుప్ప కనిపించినా ముట్టుకోకండి. 50 ఏళ్ళు దాటిన చెత్త కూడా అక్కడ చరిత్ర కిందికి రావచ్చు. పాత గనుల గుంతలు కనిపిస్తే దగ్గరికి కూడా వెళ్ళొద్దు.

3. బండి కింద చూడండి. కదిలించబోయే ప్రతిసారీ, రెండు నిమిషాలే ఆగినా సరే. ఎడారి తాబేలు నీడ కోసం టైరు పక్కన చేరుతుంది. 1990 నుంచి ఆ జాతి ఫెడరల్ రక్షణలో ఉంది. అడ్డంగా ఉంది కదా అని ఎత్తి పక్కన పెట్టబోకండి. అది మూత్రాశయంలో నీళ్ళు దాచుకుని నెలలకు నెలలు నెట్టుకొస్తుంది, బెదిరితే ఆ నీళ్ళన్నీ వదిలేస్తుంది. వర్షం లేని ఏడాదిలో అది చావుకిందే లెక్క. ఇంజన్ ఆపి అది వెళ్ళేదాకా కూర్చోండి. దాని బొరియ గుమ్మం అడుగున చదునుగా, పైన విల్లులా వంగి అర్ధచంద్రంలా ఉంటుంది. దాని చుట్టుపక్కల పార పెట్టొద్దు.

4. ఎండుకంప పోగుచేయండి. మా ఊరి వైపు చేలోకి బండ్లు రాకుండా దారికి కంప అడ్డం వేస్తారు. ఇదీ అదే, కాకపోతే ఇక్కడ కంపను పడేయరు, నిలబెట్టి నాటుతారు. వర్టికల్ మల్చింగ్ అంటారు. విరిగి నేల మీద పడి ఉన్న ఎండు పొదలే తీసుకోవాలి. ఒకేచోట అన్నీ ఏరుకోకుండా నలుదిక్కుల నుంచి తేవాలి, దారిలోంచి కనిపించని వైపు నుంచి. ఎలుకలు కట్టుకున్న పుల్లల గూళ్ళ జోలికి పోవద్దు. వాటి పెంటికల దుమ్ముతో హంటావైరస్ భయం ఉంది.

కొత్తవాళ్ళు అందరూ తప్పుచేసేది ఇక్కడే. వైట్ బర్సేజ్ అనే చిన్న పొద వాన లేనప్పుడు ఆకులన్నీ రాల్చి, బూడిద రంగు పుల్లల కట్టలా పడి ఉంటుంది. అచ్చం చచ్చినట్టే. పీకేముందు ఒక పుల్లను గోటితో గీరండి. లోపల పచ్చగా కనిపిస్తే అది నిద్రపోతోంది, వదిలేయండి. లోపలిదాకా గోధుమరంగే ఉండి, వంచితే టక్కున విరిగితే ఎండినట్టు. ఒక్క పుల్లతో తేల్చొద్దు, మొదలు దగ్గర ఇంకోటి గీరండి. క్రియోసోట్ పొదలకైతే మరీ జాగ్రత్త. నడుమ ఎండిపోయి చుట్టూ వలయంలా పెరగడం వాటి లక్షణం. లూసర్న్ వ్యాలీ దగ్గరున్న కింగ్ క్లోన్ అనే వలయం వయసు 11,700 ఏళ్ళని అంచనా. పెద్దాయన్ని చూసి పోయాడనుకుని పీకేసేరు.

5. నేల గుల్ల చేయండి. టైర్ల కింద నలిగిన మట్టి సిమెంటులా ఉంటుంది, వాన పడితే జారిపోతుందే తప్ప ఇంకదు. గడ్డపారతో, పికాసుతో కనీసం జానెడు లోతు కదపండి. మడి దున్నినట్టు సాఫుగా చేయొద్దు. గడ్డలు గడ్డలుగానే ఉండనివ్వండి, అక్కడక్కడా చిన్న గుంతలు చేయండి. గాలికి కొట్టుకొచ్చే విత్తనం, వాన చుక్క ఆగేది ఆ గుంతల్లోనే. దుమ్ము లేచే రోజు మాస్కు పెట్టుకోండి. అక్కడి మట్టిలో వ్యాలీ ఫీవర్ తెచ్చే శిలీంధ్రం ఉండవచ్చు.

6. కంప నాటండి. మోకాలి లోతులో సగం తవ్వి, పొద మొదలు దింపి, మట్టి వేసి మడమతో తొక్కండి. పట్టుకుని లాగితే ఊడిరాకూడదు. పక్కన పెరుగుతున్న అసలు పొదలు ఎంత దూరానికి ఒకటి ఉన్నాయో చూసి, అంతే దూరం, అదే ఎత్తు పాటించండి. దారి అంతా నాటక్కర్లేదు. అసలు దారి మీదినుంచి చూపు ఆనేంతవరకు, మొదటి మలుపుదాకా చాలు. దారి కనిపించకపోతే ఎవడూ రాడు.

కంప దొరకని చోట రాళ్ళు వాడండి. రాయిని మూడో వంతు పూడ్చాలి, ఏళ్ళ తరబడి నల్లబడ్డ ముఖం పైకి ఉండాలి. తిరగేసి పెడితే తెల్లటి అడుగు భాగం అరమైలు నుంచి మెరుస్తుంది. పెద్ద బండలు ఇద్దరు కలిసి దొర్లించండి, ఎత్తొద్దు. ఏ రాయినైనా కదిపేముందు అవతలి అంచు పట్టి మీవైపుకు వంచి చూడండి, తేలు ఉంటే అవతలి వైపే ఉండిపోతుంది.

7. మీ జాడ మీరే చెరపండి. పని అయ్యాక వెనక్కి నడుస్తూ రేక్‌తో, లేదా ఒక కొమ్మతో మీ అడుగులు, పక్కనున్న టైరు గీతలు చెదరగొట్టండి. రేక్ పళ్ళ గీతలు కూడా వరసగా కనిపించకూడదు. ఇది సాయంత్రం అలసిపోయాక వచ్చే పని, అందుకే అందరూ ఎగ్గొట్టేది ఇదే. ఎగ్గొడితే పొద్దుటినుంచి చేసిందంతా, ఇక్కడ దారి ఉండేది అని బోర్డు పెట్టినట్టే.

8. ఫొటో, జీపీఎస్ పాయింటు. పనికి ముందు ఎక్కడ నిలబడి, ఎటు తిరిగి తీశారో, తర్వాత కూడా అక్కడే, అటే తిరిగి తీయండి. ఫోనులో దిక్కు డిగ్రీల్లో రాసుకోండి. గుర్తుంటుందిలే అనుకోవద్దు. వంద దొంగదారులు మూశాక అన్నీ ఒకేలా ఉంటాయి.

విత్తనాల సేకరణకు పంపితే

కొన్ని రోజులు ఈ పని పడుతుంది, ముఖ్యంగా వసంతంలో. సీడ్స్ ఆఫ్ సక్సెస్ అనే జాతీయ కార్యక్రమం పద్ధతే చాలామంది పాటిస్తారు. కనీసం 50 మొక్కల నుంచి తీయాలి. ఆ రోజు పండి ఉన్న విత్తనంలో 20 శాతం మించి ముట్టకూడదు. ఒక్కో సేకరణకు 10,000కు పైగా మంచి విత్తనాలు కావాలి. ఐదు కొమ్మల్లో ఒకటి దులపడం అని గుర్తుపెట్టుకోండి, మిగతా నాలుగూ చీమలకు, ఉడతలకు, ఆ మొక్కకు.

సంచి నింపేముందు కోత పరీక్ష చేయండి. వేర్వేరు మొక్కల నుంచి ఓ పది ఇరవై గింజలు తీసి, బ్లేడుతో అడ్డంగా కోసి లెన్సు కింద చూడండి. లోపల తెల్లగా, గట్టిగా, నిండుగా ఉంటే మంచిది. ఖాళీగా ఉన్నా, గోధుమరంగు పొడి రాలినా, చిన్న పురుగు కదిలినా పనికిరాదు. సగానికి సగం ఖాళీ అయితే ఆ రోజు వెనక్కి రండి. పైనుంచి చూస్తే కందిగింజలా నిగనిగలాడుతూ లోపల ఏమీ లేనివి చాలా ఉంటాయి. కోత పరీక్ష లేకుండా ఒక పూటంతా ఊక పోగుచేసిన వీరుణ్ణి నేనే.

సంచి గుడ్డదో కాగితందో ఉండాలి. ప్లాస్టిక్ సంచిలో తడి తప్పించుకోలేక బూజు పడుతుంది. బండిలో అద్దాలు మూసి వదిలితే వేడికి చస్తాయి. చీటీ లోపల ఒకటి, బయట ఒకటి. మొక్క నమూనా ఒకటి పేపర్ల మధ్య నొక్కి పెట్టాలి. తర్వాత ఎవరైనా ఇది ఏ జాతి అంటే చూపించేది దాన్నే.

మొక్కలు నాటే రోజు

దీనికి ఎక్కువ రాయను, ఎందుకంటే ఎక్కువ నాటరు. చలి మొదలయ్యాక, వానలకు ముందు నాటాలి. మొక్కలు పొడుగాటి గొట్టం కుండీల్లో పెంచి తెస్తారు. ఆకులు జానెడుంటే వేరు రెండడుగులుంటుంది. గుంతలో ముందు నీళ్ళు పోసి, ఇంకాక మొక్క దింపి, మళ్ళీ పోయాలి. చుట్టూ ఇనుప వల తప్పనిసరి, అడుగు భాగం మట్టిలోకి పూడ్చి. లేకపోతే రెండోరోజుకు కుందేళ్ళు మొదలుదాకా కొరికేస్తాయి. నీళ్ళకు నిలువుగా పాతిన గొట్టం వాడతారు, కొన్నిచోట్ల మట్టి కుండ పూడ్చి పెడతారు. మనవైపు మామిడి మొక్కల పక్కన కుండ పెట్టే పద్ధతే అది. అది చూసి నేను, ఇది మా తాత చేసేవాడు అంటే ఎవరూ నమ్మలేదు.

2020 ఆగస్టులో డోమ్ ఫైర్ అనే కార్చిచ్చు మొహావీలో 43 వేల ఎకరాలకు పైగా తగలబెట్టింది. 13 లక్షల జోషువా చెట్లు పోయాయని అంచనా. ఆ తర్వాత అక్కడ వలంటీర్లు మొక్కలు నాటారు, ఒంటెల మీద కూడా మోయించారు. మంట అంత దూరం పాకడానికి ఒక కారణం, పొదల మధ్య ఖాళీల్లో మొలిచి ఎండిన రెడ్ బ్రోమ్ అనే పరాయి గడ్డి. అందుకే కలుపు పీకే రోజును తేలిగ్గా తీసుకోకండి. సహారా మస్టర్డ్, మన ఆవమొక్కకు చుట్టం, గింజ పట్టకముందే వేరుతో సహా పీకాలి. పట్టిందంటే సంచిలో కట్టి మోసుకురావాలి. సాయంత్రం బూట్ల అడుగున, సాక్సుల్లో ఉన్న గింజలు ఏరి పారేశాకే ఇంకో చోటికి కదలండి. తమాషా ఏమిటంటే మన ఊళ్ళలో కంపచెట్టుగా విసిగించే సర్కారు తుమ్మ అమెరికా ఖండాల నుంచే వచ్చింది. దాని దగ్గరి చుట్టం మెస్కీట్ ఇక్కడ పుట్టిన చెట్టే, దాన్ని పీకారో తిట్లు తింటారు.

పని బాగా వచ్చిందా అని చూసుకోవడం

అసలు దారి మీదికి వెళ్ళి, జీపు సీట్లో కూర్చున్నవాడి కంటి ఎత్తుకు వంగి చూడండి. మోటార్ సైకిల్ వాడి ఎత్తు నుంచి ఇంకోసారి. పొద్దున్నో సాయంత్రమో చూడాలి, ఏటవాలు ఎండలో నీడలు పడి చిన్న గీత కూడా బయటపడుతుంది. మిట్టమధ్యాహ్నం అన్నీ బాగున్నట్టే ఉంటాయి. మీరు నాటిన కంప వరసగా కనిపిస్తోందా, గుంపుగా ఒకేచోట ఉందా, మిగతా పొదల కంటే ఎత్తుగా ఉందా? అయితే రెండు మూడు పీకి చెదరగొట్టండి. పని గురించి తెలియని క్రూ సభ్యుణ్ణి తీసుకొచ్చి దారి ఎక్కడుందో చూపించమనండి. టక్కున వేలు చూపిస్తే మళ్ళీ మొదలుపెట్టాలి.

అసలు పరీక్ష నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ వారాంతం. ఎడారిలోకి బండ్లు ఎక్కువగా వచ్చే రోజులవి. ఆ తర్వాతి వారమే వెళ్ళి చూడండి. కంప విరిచి మళ్ళీ తోలుకుపోయి ఉంటే, తిట్టుకోవడం అయ్యాక, ఎక్కడినుంచి లోపలికి తిరిగాడో టైరు గీత చూసి పట్టుకోండి. తొంభై పాళ్ళు మలుపు లోపలి అంచు నుంచే ఉంటుంది, మనం వదిలేసిన ఆ మూరెడు సందులోంచి. అక్కడ ఒక పెద్ద బండ దొర్లించి, మూడో వంతు పూడ్చి, మళ్ళీ నాలుగో మెట్టు నుంచి మొదలుపెట్టండి.